సినిమాలు, సీరియళ్లు రాసేవాళ్లకి కర్నూలు నుంచి ఒక నర్సు బహిరంగ లేఖ

సినిమాలు తీసే అన్నలకి, కథలు రాసే సార్లకి, సీరియళ్లకి డైలాగులు రాసే మేడమ్‌లకి నమస్కారం.

నేను కర్నూల్లో స్టాఫ్ నర్సుని. ఎక్కువగా క్యాజువాలిటీలో, మెడికల్ వార్డులో చేశాను. మీ మీద కోపం లేదని చెప్పను, ఉంది, కానీ మా ఇంట్లో అందరికీ సినిమా అంటే ప్రాణం, నైట్ డ్యూటీ దిగి నిద్ర కూడా పోకుండా మార్నింగ్ షోకి పోయిన రోజులు ఉన్నాయి, కాబట్టి ఇది సినిమా అంటే గిట్టని మనిషి రాసే లెటర్ అనుకోవద్దు. నా బాధ ఒక్కటే. మీరు చూపించింది జనం నమ్ముతారు, నమ్మి నేరుగా మా దగ్గరికి వస్తారు, వచ్చి మీరు చూపించినట్టే చెయ్యమంటారు, అట్లా చెయ్యకపోతే మేం పని చెయ్యట్లేదు అనుకుంటారు. ఆ గొడవలో పోయేది పేషెంటు టైము, ఒక్కోసారి ప్రాణం.

ముందు పాముకాటు సంగతి చెప్తా. మా వైపు వానలు పడి వేరుశనగ, పత్తి చేలల్లో పని మొదలైతే పాముకాటు కేసు రాని వారం ఉండదు. మీ సినిమాల్లో ఏం ఉంటాది? హీరోయిన్ కాలికి పాము కరుస్తాది, హీరో చొక్కా చింపి పైన బిగించి కడతాడు, కత్తితో కోస్తాడు, నోటితో పీల్చి ఉమ్మేస్తాడు, ఆ పిల్ల కళ్లు తెరుస్తాది, తర్వాత పాట. చూసేవాళ్లకి అది ప్రేమ సీను. మాకు మాత్రం అది అర్ధరాత్రి ట్రాక్టర్‌లో నుంచి దించే మనిషి. తాడు బిగించి బిగించి కాలు నల్లగా అయిపోయి ఉంటాది, కాటు మీద బ్లేడు గాట్లు, ఆ గాట్ల నుంచి రక్తం కారుతానే ఉంటాది, ఎందుకంటే రక్తపింజర కరిస్తే రక్తానికి గడ్డకట్టే గుణమే పోతాది, అట్లాంటి మనిషిని కోస్తే ఆ రక్తం ఎట్లా ఆగుతాది చెప్పండి. నోటితో పీలిస్తే విషం బయటికి రాదు. గట్టి కట్టు వల్ల కింద కండ చచ్చిపోతాది, ఇక్కడికి వచ్చాక ఆ కట్టు విప్పితే అక్కడ ఆగి ఉన్న విషం ఒక్కసారిగా పైకి పోయే ప్రమాదం ఉంటాది కాబట్టి డ్రిప్పు పెట్టి, మందులన్నీ పక్కన పెట్టుకుని, డాక్టర్ ఉంటే గానీ మేం దాన్ని ముట్టుకోం.

2000 నుంచి 2019 వరకు ఈ 20 ఏళ్లలో మన దేశంలో పాముకాటుతో దగ్గర దగ్గర 12 లక్షల మంది చనిపోయారని 2020లో ఒక పెద్ద స్టడీ లెక్క తేల్చింది, అంటే ఏడాదికి 58 వేల మంది. అందులో ఎక్కువమంది పల్లెటూళ్లవాళ్లే. కేంద్ర ప్రభుత్వం 2024లో దీనికోసం ఒక జాతీయ ప్రణాళిక పెట్టి 2030 కల్లా ఈ చావులు సగానికి తగ్గించాలని చెప్పింది. పోస్టర్లు వేస్తారు, ఆశా వర్కర్లకి ట్రైనింగ్ ఇస్తారు, అన్నీ మంచివే, కానీ ఆశా అక్క ఊళ్లో మీటింగ్ పెట్టి చెప్పిన మాట కంటే హీరో చేసిన పని జనానికి ఎక్కువ గుర్తుంటాది, ఈ సంగతి మీకే బాగా తెలుసు.

ఒక పిల్లోడి గురించి చెప్తా, ఊరు చెప్పను. ఇంట్లో కింద చాప మీద పడుకుని తెల్లారుజామున కడుపునొప్పి అని లేచాడు. ఒంటి మీద ఎక్కడా కాటు కనపడలేదు, వాపు లేదు. కట్లపాము అట్లానే ఉంటాది, నిద్రలో కరిస్తే చాలామందికి తెలియను కూడా తెలియదు. వాళ్లమ్మ ఓమ నీళ్లు తాగించింది, కాసేపటికి పిల్లోడికి కళ్లు మూతలు పడుతుంటే నిద్ర చాలలేదేమో అనుకుంది, గొంతు ముద్దముద్దగా అయితే అప్పుడు భయపడి తీసుకొచ్చారు. డాక్టర్ చూసి పాము విషానికి విరుగుడు మందు మొదలుపెట్టమన్నాడు. ఆ మందు ఒక్కో వయల్‌లో పొడి లాగా ఉంటాది, 10 ఎంఎల్ నీళ్లు కలిపి రెండు అరచేతుల మధ్య మెల్లగా తిప్పాలి, తొందరపడి ఊపితే నురుగు వస్తాది, అట్లా పది వయల్స్ కలిపి సెలైన్‌లో ఎక్కించాలి, చిన్నపిల్లోడైనా పెద్దమనిషైనా డోసు అంతే, ఎందుకంటే పాము మనిషి సైజు చూసి విషం తగ్గించదు. మందు పడకపోతే రియాక్షన్ వస్తాది కాబట్టి అడ్రినలిన్ ముందే సిరంజిలో లాగి పెట్టుకోవాలి. ఇదంతా చేస్తా చేస్తా ఆ పిల్లోడితో మాట్లాడుతూ ఉండాలి, "నాయనా పైకి చూడు, నా వేలు చూడు, ఇప్పుడు గట్టిగా ఊపిరి పీల్చి ఒక్క ఊపిరికి ఎంత దాకా లెక్కపెడతావో చెప్పు." మొదట పద్దెనిమిది దాకా చెప్పాడు. కాసేపటికి పదకొండు. ఆ తర్వాత ఏడు దగ్గరే ఆగిపోయాడు. ఊపిరి కండరాలు పడిపోతున్నాయని దాంట్లో తెలుస్తాది, అంకె తగ్గుతుంటే వెంటిలేటర్ రెడీ చెయ్యాలి.

అప్పుడు బెడ్ పక్కన వాళ్ల మామ ఒకాయన కేకలు వేస్తున్నాడు, "సినిమాల్లో కోసి విషం తీస్తారు కదా సిస్టర్, మీరేమో ఏమీ చెయ్యకుండా పిల్లోనితో అంకెలు చెప్పిస్తా ఉండారు" అని. ఆయన చెడ్డోడు కాదు, మేనల్లుడి మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. ఆయనకి చికిత్స అంటే ఏందో నేర్పింది మీరు. ఏడు అనే అంకె వినపడాల్సిన నా చెవికి ఆయన కేకలు వినపడ్డాయి, అది నాకు ఇప్పటికీ మండుతాది. పిల్లోడికి ట్యూబు వేసి వెంటిలేటర్ మీద పెట్టారు, రోజులు పట్టింది కానీ నడుచుకుంటూ ఇంటికి పోయాడు.

మీరే చెప్పండి, ఆ లెక్కపెట్టే సీను తీస్తే థియేటర్లో ఎవరైనా సీట్లో కుదురుగా కూర్చోగలరా? పింజర కరిచినప్పుడు చేసే టెస్టు ఇంకొకటి ఉంది. శుభ్రమైన, తడి లేని గాజు ట్యూబులో 2 ఎంఎల్ రక్తం తీసి స్టాండులో పెట్టి 20 నిమిషాలు కదిలించకుండా వదిలేస్తాం. కుటుంబం మొత్తం ఆ ట్యూబు వైపే చూస్తా ఉంటారు. 20 నిమిషాల తర్వాత మెల్లగా వంచుతాం. రక్తం గడ్డపెరుగు లాగా పేరుకుని ఉంటే అప్పటికి పరవాలేదు, నీళ్ల లాగా జారిపోతే విషం ఎక్కింది, మందు మొదలుపెట్టాలి. పెద్ద మెషిన్ అవసరం లేదు, చిన్న పీహెచ్‌సీలో కూడా చేస్తారు. మీకు కావాల్సిన టెన్షన్ అంతా ఆ ట్యూబులోనే ఉంది, దాన్ని వదిలేసి నోటితో పీల్చడమే ఎందుకు పట్టుకున్నారో నాకు అర్థం కాదు. మీ హీరో పీల్చకపోయినా హీరోనే. హీరోయిన్‌ని కదలకుండా పడుకోబెట్టి, కాలి పట్టీలు, మెట్టెలు తీసేసి, కర్రలు పెట్టి కాలు కదలకుండా కట్టి, 108కి ఫోన్ చేసి, ఆ పామును చంపి తేవాలని వెతకకుండా బయల్దేరితే అదే ప్రేమ.

ఇంక గుండె. మానిటర్ మీద గీత సాఫుగా అవుతాది, కూ అని సౌండు, డాక్టర్ రెండు పెట్టెలు రుద్ది ఛాతీ మీద పెడతాడు, పేషెంటు బెడ్ మీద నుంచి ఎగిరి పడతాడు, గీత మళ్లీ కొట్టుకుంటాది. గీత సాఫుగా ఉన్నప్పుడు షాక్ పెట్టరు అన్నా. గుండె అడ్డదిడ్డంగా కొట్టుకునే రకాలు కొన్ని ఉంటాయి, షాక్ వాటికి. సాఫుగా పడుకున్న గుండెకి చేసేది ఛాతీ నొక్కడం, అడ్రినలిన్ ఇవ్వడం, కారణం వెతకడం. ఆ నొక్కడం కూడా మీరు చూపించినట్టు మోచేతులు వంచి నాలుగు సార్లు తట్టి "లే నాన్నా లే" అని ఏడవడం కాదు. చేతులు నిటారుగా పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండు అంగుళాల లోతు, రెండు నిమిషాలకి ఒకరు మారుతూ ఉండాలి, ఎందుకంటే ఆ రెండు నిమిషాలకే చెయ్యి లాగేస్తాది. పక్కటెముక విరిగిన శబ్దం వినపడినా ఆపకూడదు. అన్ని చేసినా చాలామంది తిరిగిరారు. 1996లో అమెరికాలో మూడు టీవీ షోలని తీసుకుని స్టడీ చేస్తే వాటిలో సీపీఆర్, అంటే ఈ ఛాతీ నొక్కడం, చేయించుకున్నవాళ్లలో 75 శాతం మందికి అప్పటికప్పుడు ప్రాణం వచ్చినట్టు చూపించారని తేలింది, అక్కడ నిజంగా ఆసుపత్రి బయట గుండె ఆగినవాళ్లలో బతికి ఇంటికి చేరేది పది మందిలో సుమారు ఒక్కరు. మన సినిమాల్లో ఎవరూ లెక్క తీయలేదు గానీ తీస్తే నూటికి నూరు ఉంటాదేమో, హీరో అమ్మ అయితే కచ్చితంగా లేస్తాది.

దానివల్ల ఏం అవుతాది అంటే, అరగంట సేపు మేం ముగ్గురం చెమటలు కక్కుతా నొక్కి, లాభం లేదని డాక్టర్ చెప్పినాక, "షాక్ ఎందుకు పెట్టలేదు, మిషన్ లేదా, డబ్బులు కట్టలేదని పెట్టలేదా" అంటారు. కొడుకు పోయిన తండ్రికి ఆ టైములో ఈసీజీ గీతల గురించి ఏం చెప్పాలి నేను? ఆయన జీవితాంతం మావాడిని షాక్ పెట్టకుండా చంపేశారు అని అనుకుంటా ఉంటాడు. ఆ నొప్పి ఆయనకి అనవసరంగా పెట్టినట్టే కదా.

అదే సీపీఆర్ సరిగ్గా చూపించారనుకోండి, ఒక్క సినిమాతో రాష్ట్రంలో సగం మందికి నేర్పినట్టు. నిమిషానికి 100 నుంచి 120 బీట్లు ఉండే మాస్ పాటలు మీ దగ్గర ఎన్ని లేవు, ఆ బీటుకి నొక్కాలని హీరో ఒక్కసారి చెప్తే ఊళ్లల్లో పిల్లోళ్లు జీవితంలో మర్చిపోరు. మేం పవర్‌పాయింట్లు పెట్టి ఏళ్ల తరబడి నేర్పలేనిది మీరు రెండు నిమిషాల్లో నేర్పగలరు, ఆ శక్తి మీకు ఉంది కాబట్టే అడుగుతున్నా.

కాలర్ పట్టుకునే సీను గురించి కూడా చెప్పాలి. "మా అమ్మకి ఏమైనా అయ్యిందో ఆసుపత్రి తగలబెట్టేస్తా" అని హీరో డాక్టర్ కాలర్ పట్టుకుంటాడు, థియేటర్లో ఈలలు. మా దగ్గర ఆ డైలాగు వచ్చేటప్పుడు ఈలలు ఉండవు, ఇరవై రెండు ఇరవై మూడేళ్ల హౌస్ సర్జన్ పిల్ల ఉంటాది, నేను ఉంటాను, సెక్యూరిటీ అన్న ఒకడు ఉంటాడు. నా చేతిలో ట్రే తన్నేస్తే పక్క బెడ్ ముసలాయనకి వెయ్యాల్సిన ఇంజెక్షన్లు కింద పడ్డాయి, ఆయనకి అరగంట లేటు అయ్యింది. మన రాష్ట్రంలో 2008 నుంచి ఆసుపత్రి సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే మూడేళ్ల దాకా జైలు అని చట్టం ఉంది. ఆ సంగతి ఏ సినిమాలోనూ ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఇంక నర్సుని మీరు చూపించే తీరు. పొట్టి గౌను, కమెడియన్ పేషెంటు, ఇంజెక్షన్ ఎక్కడ వెయ్యాలి అనే డబుల్ మీనింగ్, లేకపోతే "డాక్టర్ పిలుస్తున్నారు" అని ఒక్క ముక్క చెప్పి పోయే మనిషి. సినిమాలో ఆ జోకు ఐదు సెకన్లు. దాన్ని మేం భరించేది కొన్ని ఏళ్లు. ట్రైనింగ్‌లో ఉన్న పిల్లలు, పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వాళ్లు, మగ పేషెంట్ల వార్డుకి మొదటిసారి పోయి వచ్చి హాస్టల్లో ఏడుస్తారు, ఎవడో సినిమా డైలాగు అన్నాడని. ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మంచి మార్కులు, జీఎన్‌ఎం సీటు వస్తే వాళ్ల నాయన "నర్సు కోర్సా, పెళ్లి ఎట్లా చెయ్యాలి" అని ఒప్పుకోలేదంట. జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు చదవాలి, ఆ చదువులో ఏముంటాదో ఆయనకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, తెర మీద చూశాడు. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ కరోనా కేసులు మా కర్నూలు జిల్లాలోనే, అప్పుడు మాకు చప్పట్లు కొట్టారు, దేవతలు అన్నారు. దేవతలు వద్దు మేడమ్, ఆ గౌను జోకూ వద్దు, పని చేసే మనుషులుగా చూపిస్తే చాలు.

ఏం పని అంటే, మీ సీరియల్‌లో కోమాలో ఉన్న అత్తగారినే తీసుకోండి. నెలలు నెలలు పడుకుని ఉంటాది, ముఖానికి పౌడరు, జడ చెదరదు, చుట్టూ పట్టుచీరల్లో ఎనిమిది మంది చెప్పులతో నిలబడి ఉంటారు, విలన్ వచ్చి ఆక్సిజన్ పీకేస్తాది, ఒక్క నర్సు కూడా కనపడదు. ఐసీయూలో ఒక్కో బెడ్‌కి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెప్తాది, అంతమందిని అన్నిచోట్లా ఇవ్వరు, అది వేరే పోరాటం. కానీ స్పృహ లేని మనిషిని రెండు గంటలకి ఒకసారి పక్కకి తిప్పాలి, లేకపోతే నడుం కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి, ఎముక దాకా పోతాయి. నోరు తుడవాలి, కళ్లు మూసి ఆరిపోకుండా చూడాలి, గొంతులో కఫం సక్షన్ చెయ్యాలి, యూరిన్ ఎంత వచ్చిందో కొలిచి రాయాలి. నైట్ డ్యూటీ అంటే రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా, ఆ పన్నెండు గంటల్లో ఒక్క పేషెంటుని ఆరు సార్లు తిప్పుతాం. మూడు నెలలు పడుకున్న మనిషి ఒంటి మీద ఒక్క పుండు లేకుండా ఇంటికి పోయాడంటే అది ఒక సినిమా కథకి సరిపోయేంత పని, దానికి ఎవరూ దండ వెయ్యరు.

రక్తం ఎక్కించే సీను కూడా మార్చండి దయచేసి. పక్క పక్క బెడ్లు వేసి హీరో చేతి నుంచి అమ్మ చేతికి ట్యూబు పెట్టడం ఎక్కడా లేదు. హెచ్‌ఐవీ, కామెర్ల వైరస్‌లు, సిఫిలిస్, మలేరియా అన్నీ టెస్టు చెయ్యాలి, ఆ రక్తం పేషెంటు రక్తంతో కలుస్తాదో లేదో చూసే క్రాస్ మ్యాచ్ చెయ్యాలి. "నా రక్తం తీసి ఇప్పుడే ఎక్కించండి" అని చొక్కా చెయ్యి మడిచి గొడవ పడే అబ్బాయిలు మాకు ప్రతి యాక్సిడెంట్ కేసులోనూ ఉంటారు, వాళ్ల ప్రేమకి తప్పు పట్టలేం, బ్లడ్ బ్యాంకుకి పరిగెత్తాల్సిన టైము మాత్రం పోతాది.

మా సీమ గురించి వేరే చెప్పాలా? కొండారెడ్డి బురుజు కనపడితే కొట్లాట, సుమోలు, కొడవళ్లు. హీరో ముప్పై మందిని నరికి నడుచుకుంటూ పోతాడు, ఆ ముప్పై మందికి కుట్లు వేసేది ఎవరు? మా క్యాజువాలిటీకి అట్లాంటి ఒక్క కేసు వస్తేనే ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసు, రాయాలి, పోలీస్ ఔట్‌పోస్టుకి ఇంటిమేషన్ పంపాలి, ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ వెయ్యాలి, గంటల తరబడి కుట్లు, తర్వాత వారాలు డ్రెస్సింగు, చేతి నరం తెగిన మనిషి మళ్లీ పార పట్టలేడు, ఇల్లు గడవదు. పొట్టలో దిగిన కత్తిని హీరో పీకి పారేస్తాడు కదా, దిగిన కత్తిని ఎవరూ పీకకూడదు, అట్లానే కదలకుండా ఉంచి ఆసుపత్రికి తేవాలి, పీకితే లోపల ఆగి ఉన్న రక్తం అంతా బయటికి వస్తాది. మా యాస మాట్లాడే మనిషి అంటే మీకు విలనే గుర్తొస్తాడు. బేతంచెర్లలో రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల్లో దుమ్ము పీలుస్తా పని చేసేవాళ్లదీ అదే యాస, ఎమ్మిగనూరులో మగ్గం మీద కూర్చునేవాళ్లదీ అదే యాస. మా తమ్ముడు లైన్‌మ్యాన్, సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ మీద పని చెయ్యడానికి పర్మిషన్, తీసుకుని, సప్లై ఆపారని ఖాయం చేసుకుని గానీ స్తంభం ఎక్కడు, గాలివానకి రాత్రంతా పొలాల్లో తిరుగుతాడు. తెర మీద లైన్‌మ్యాన్ అంటే షాక్ కొట్టి జుట్టు నిక్కబొడుచుకునే కామెడీ. వాడు ఇంట్లో టీవీ చూస్తా అట్లాంటి సీను వస్తే లేచి బయటికి పోతాడు, వాడితో ట్రైనింగ్ అయిన ఒకతను అట్లానే పోయాడు.

నేను అడిగేది పెద్దది ఏం కాదు. తెర మీద సిగరెట్ కనపడితే కింద హెచ్చరిక వెయ్యాలని 2012 నుంచి రూల్ ఉంది, మీరు వేస్తున్నారు. సినిమాలో జంతువులు నటిస్తే జంతు సంక్షేమ బోర్డు నుంచి పర్మిషన్ తెచ్చుకుంటున్నారు. ఫైటుకి మాస్టర్ ఉన్నాడు, డ్యాన్సుకి మాస్టర్ ఉన్నాడు. ఆసుపత్రి సీను తీసే రోజు ఒక సీనియర్ నర్సుని సెట్ మీదికి పిలిచి, పేరు వేసి, డబ్బులు ఇచ్చి, "ఇది కరెక్టేనా సిస్టర్" అని అడగండి. కరెంటు స్తంభం సీను ఉంటే లైన్‌మ్యాన్‌ని అడగండి, బస్సు సీను ఉంటే కండక్టర్‌ని అడగండి, వాళ్లు మీకు రాసిపెట్టే వివరాలు మీ ఊహకి కూడా అందవు. రిటైర్ అయిన సిస్టర్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు, ఇరవై ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు, ఇంట్లో ఖాళీగా ఉన్నారు, పిలిస్తే సంతోషంగా వస్తారు.

ఒకవేళ మీరే వచ్చి చూస్తాను అంటే సూపరింటెండెంట్ పర్మిషన్ తీసుకుని వానాకాలంలో రండి, కెమెరా వద్దు, పేషెంట్ల ముఖాలు తియ్యొద్దు. క్యాజువాలిటీలో మూల స్టూలు మీద ఒక నైట్ కూర్చోండి. డౌట్లు రాసి పెట్టుకోండి, మధ్యలో అడిగితే చెప్పే టైము మాకు ఉండదు, పొద్దున ఎనిమిదికి హ్యాండోవర్ అయ్యాక బయట టీ బండి దగ్గర అన్నీ చెప్తాం.

ఇట్లు
మీ సినిమాలు చూసే ఒక స్టాఫ్ నర్సు, కర్నూలు